మంచులో మిరపచేను

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. పిల్లలకు నా పాఠాలు ఎంత గుర్తున్నాయో తెలియదు గానీ, బోర్డు మీద వేసిన బొమ్మలు మాత్రం గుర్తున్నాయని గురజాల బస్టాండులోనో నరసరావుపేట కూరగాయల మార్కెట్లోనో ఎదురైన పాత విద్యార్థులు ఇప్పటికీ చెబుతుంటారు. మందారపువ్వు నిలువుకోత, కప్ప జీర్ణవ్యవస్థ, మనిషి గుండె. సుద్దముక్క బోర్డుకు ఆనించానంటే బొమ్మ పూర్తయ్యేదాకా తీసేదాన్ని కాదు. పిల్లలు చెరపనిచ్చేవారు కాదు. తర్వాతి పీరియడ్ లెక్కల మాస్టారు గుండె పక్కన మిగిలిన ఖాళీలో తన లెక్కలు చేసుకునేవారు.

రిటైర్‌మెంట్ దగ్గరపడుతుండగా కుడిచేయి వణకడం మొదలైంది. ముందు స్టాఫ్‌రూంలో టీ గ్లాసు పట్టుకున్నప్పుడు తెలిసింది. ఆ తర్వాత బోర్డు మీద తెలిసింది. గుండె గీస్తుంటే గీత అంచు పొడవునా పళ్లచక్రంలా వచ్చింది. డాక్టరు చూసి, ఇదేమీ ప్రమాదం కాదు, వయసు మీద పడ్డాక కొందరికి వస్తుంది, దీనితోనే బతకడం అలవాటు చేసుకోవాలి అన్నాడు. నేను బొమ్మలు మానేసి అచ్చు చార్టులు తగిలించడం మొదలుపెట్టాను. ఎందుకు మానేశారని పిల్లలెవరూ అడగలేదు. అడగకపోవడమే నాకు కష్టమనిపించింది.

రిటైరయ్యాక నరసరావుపేటలోనే ఉండిపోయాం. మా ఇంటి వెనక సందులో ఒక మోటారుసైకిళ్ల మెకానిక్ షాపు ఉంది. దాన్ని నడిపే సాయిబుగారి అమ్మాయి విశాఖపట్నంలో బొమ్మల చదువు చదివొచ్చి, షాపు పైన గదిలో పిల్లలకు డ్రాయింగ్ క్లాసు పెట్టింది. సాయంత్రం పూట ఆ సందులోంచి పోతే కింద ఇంజన్ ఆయిల్ వాసన, పైనుంచి రంగుల వాసన కలిసి వచ్చేవి. చాలా రోజులు అటు చూస్తూ దాటిపోయాను. ఒకరోజు మెట్లెక్కాను.

"చెయ్యి వణికేవాళ్లకు కూడా నేర్పుతావా అమ్మా?" అని అడిగాను.

ఆ అమ్మాయి నా చేయి పట్టుకుని కాసేపు చూసింది. డాక్టరు కూడా అంతసేపు చూడలేదు.

"మీరు గీతలు గీయకండి ఆంటీ. రంగు పెట్టండి చాలు" అంది.

అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆమె అలమరలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి, నడిమి పేజీలో అచ్చేసిన బొమ్మ చూపించింది. ఎక్కడో ఫ్రాన్సులో పల్లెటూరు, శీతాకాలం. దగ్గర్నుంచి చూస్తే అంతా మరకలే. తెలుపు, నీలం, అక్కడక్కడ గులాబీ, మట్టిరంగు. ఎవరో బ్రష్షు తుడుచుకున్న గుడ్డలా ఉంది. పుస్తకాన్ని బల్ల మీద నిలబెట్టి, నన్ను వెనక్కి నడవమంది. వీపు గోడకు తగిలేదాకా నడిచాను. అక్కణ్నుంచి చూస్తే మంచు కప్పిన ఇళ్ల కప్పులు, మధ్యలోంచి పోతున్న బాట, బాట మీద ఇంటికి పోతున్న ఇద్దరు మనుషులు కనపడ్డారు. ఆ ఇద్దరికీ బాగా చలేస్తోందని కూడా తెలుస్తోంది.

"ఇద్దరు మనుషులున్నారు" అన్నాను.

"ఉన్నారా? దగ్గరకొచ్చి చూపించండి ఆంటీ."

దగ్గరికి వెళితే రెండు నల్లటి మచ్చలున్నాయి. అంతే.

ఇలా బొమ్మలు వేసేవాళ్లను ఇంప్రెషనిస్టులంటారని, గదుల్లో కూర్చోకుండా చేలల్లోకి, ఏటి ఒడ్డుకి పోయి, వెలుగు మారిపోయేలోపు కంటికి తట్టింది తట్టినట్టు వేసేవారని ఆ అమ్మాయి చెప్పింది. "మంచు తెల్లగా ఉంటుందని మనం అనుకుంటాం. ఆ బొమ్మలో తెలుపు ఎంతుందో చూడండి" అంది. చూస్తే నిజంగానే చాలా కొంచెం ఉంది. మిగతాదంతా నీలమే.

ఆ బొమ్మనే చూసి వేయడం మొదలుపెట్టాను. నా చేతి వణుకును ఆ బొమ్మ పట్టించుకోలేదు. బ్రష్షు ఎక్కడ ఆనితే అక్కడ రంగు పడేది, పడ్డచోట ఉండేది. క్రిస్మస్ దాకా వేశాను. పండక్కి మాచవరం దగ్గర పల్లెలో ఉండే మా అక్క ఇంటికి వెళుతూ, దాన్ని పాత చీరలో చుట్టి పట్టుకెళ్లాను.

అక్క దాన్ని గోడకానించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు చూసింది.

"ఏందే ఇది? పిడుగురాళ్ల సున్నపు బట్టీలా?"

"మంచక్కా. ఫ్రాన్సులో పల్లెటూరు."

మా బావ వరండాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన బొమ్మను చూడను కూడా లేదు. "మంచు కోసం ఆడదాకా పోవడం ఎందుకంట? పొద్దున్నే లేచి కాలవ కట్ట మీదికి పో. కావాల్సినంత మంచు" అన్నాడు.

మాకు ఆ రెంటికీ ఒకటే మాట. అక్కడ పడేదీ మంచే, ఇక్కడ పట్టేదీ మంచే. బావ ఎగతాళికే అన్నాడు గానీ ఆ మాట నన్ను వదల్లేదు. చుట్టుపక్కల పల్లెల్లో ఇన్నేళ్లు ఉద్యోగం చేశాను. శీతాకాలం పొద్దున ఏడింటికి బస్సు అద్దం తుడుచుకుని బయటికి చూడటమే తప్ప, దిగి నిలబడి చూసింది లేదు. పండగయ్యాక కూడా అక్కడే ఉండిపోతానని ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. మావారు ఆశ్చర్యపడలేదు. రంగులు, కాన్వాసు, బొమ్మ నిలబెట్టుకునే స్టాండు బస్సులో పంపిస్తానన్నారు.

మొదటి పొద్దున బావ మంకీక్యాప్ పెట్టుకుని, అక్క దుప్పటి కప్పుకుని, స్టాండు భుజాన వేసుకుని కట్ట ఎక్కాను. ఏమీ కనపడలేదు. కాలవలో నీళ్ల చప్పుడుంది, నీళ్లు లేవు. ఎక్కడో మోటారుసైకిల్ వస్తోంది, మనిషి లేడు. మంచు నా ముక్కు ముందు నుంచే మొదలై ఎటు చూసినా ఉంది. స్టాండు మీద కాన్వాసు నిలబెట్టి, రంగులు పిండుకుని, ఏం వేయాలో తెలియక నిలబడ్డాను. కాసేపటికి తూర్పున మంచు వంకాయరంగుకు తిరిగింది. దాంట్లోంచి ముందు ఒక మోటారు షెడ్డు కప్పు, తర్వాత నాపరాళ్లు నిలువుగా పాతిన కంచె, ఆ తర్వాత మిరపచేను కొంచెం కొంచెంగా తేలాయి. పండిన కాయల ఎరుపు ఆ మంచులో ఎరుపులా లేదు. ఆరిపోతున్న నిప్పు మీద బూడిద పట్టినట్టు ఉంది. ఆ రంగు కలపడానికి నేను తంటాలు పడుతుండగానే ఎండ వచ్చి, మంచు లేచిపోయి, చేను మామూలు చేనైపోయింది.

రెండో రోజు కూడా అంతే. మూడో రోజు నా వెనక దగ్గు వినపడింది.

డెబ్భై దాటిన మనిషి. తలకు తువ్వాలు, చేతిలో టార్చిలైటు. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో తెలియదు. నా స్టాండు మూడు కాళ్ల వంకే చూస్తున్నాడు.

"ఏందమ్మా, ఎవురు పంపించారు?"

"ఎవరూ పంపలేదు బాబాయ్. నేనే వచ్చాను."

"రోడ్డు ఇటేనా పోయేది?"

ఆయన భయమేమిటో అప్పుడర్థమైంది. కొత్త రోడ్డు పడుతుందని ఊళ్లో మాట ఉంది. సర్వే వాళ్లు ఇలాగే మూడు కాళ్ల మిషను పాతి, ఒంటికన్నుతో చేల వంక చూసి పోతారు. నేను ఫలానా వారి మరదలినని, టీచరునని, బొమ్మ వేసుకుంటున్నానని చెప్పాను. ఆయన నమ్మలేదు. ముందుకొచ్చి కాన్వాసు మీద ఏ అంకెలూ లేవని చూసుకున్నాడు.

"ఫోన్లో ఫోటో తీసుకోవచ్చుగా?"

"తీసుకోవచ్చు."

"మరి?"

"ఊరికే బాబాయ్" అన్నాను. ఆయన కట్ట మీద గొంతుక్కూర్చుని బీడీ ముట్టించాడు. ఆ చేను ఆయనదే.

ఆ తర్వాత రోజూ వచ్చేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. నేను బ్రష్షు పెట్టిన ప్రతిసారీ ఒకసారి చేను వంక, ఒకసారి కాన్వాసు వంక చూసి, ఇది షెడ్డు, ఇది కంచె అని తనలో తాను గుర్తుపట్టుకునేవాడు. గుర్తుపట్టలేనిచోట ఊరుకునేవాడు. ఒకరోజు బొమ్మలో షెడ్డుకు ఎడమపక్క వేలు చూపించాడు.

"ఈడ వేపచెట్టు ఉండాల."

నేను చేను వంక చూశాను. మంచు తప్ప ఏమీ లేదు.

"ఎక్కడ బాబాయ్?"

"ఇప్పుడు లేదులే. నిరుడు కొట్టేశారు. మా అయ్య నాటిన చెట్టు. దాని కింద మంచమేసుకుంటే వేసంగి తెలిసేది కాదు. రేడియో కొమ్మకు తగిలించేవాణ్ని. దూడల్ని ఆడే కట్టేసేవాళ్లం. చేను కాపలా అంటే నాకు ఆ చెట్టేనమ్మా."

"ఉన్నదే కదా బాబాయ్ వెయ్యాల్సింది" అన్నాను. టీచరు గొంతుతోనే అన్నాను. మైక్రోస్కోపులో కనపడింది గీయండి, పుస్తకంలో ఉన్నది గీయకండి అని ఎన్ని బ్యాచులకు చెప్పానో. లేని కణాన్ని గీసినందుకు మార్కులు కోసిన మనిషిని నేను.

"మంచులో ఏం కనపడి చస్తందిలే. ఉందనుకుంటే ఉంది" అన్నాడాయన. అని, ఖాళీగా ఉన్న ఆ మూలవైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపుకు నేను లొంగిపోయాను. బూడిదరంగులో కొంచెం పచ్చ కలిపి, షెడ్డు పక్కన ఒక మెత్తటి మచ్చ పెట్టాను. చెట్టంటే చెట్టు, మంచంటే మంచు. ఆయన లేచి, వెనక్కి నడిచి, దూరం నుంచి చూసి తలూపాడు. ఆరోజు మధ్యాహ్నం వాళ్లింటి నుంచి అక్క ఇంటికి గిన్నె నిండా పాలొచ్చాయి.

జనవరి వచ్చాక కోత మొదలైంది. పొద్దున్నే ఆటోల్లో ఆడవాళ్లు దిగేవారు. చీరల మీద మగవాళ్ల పాత చొక్కాలు, తలకు గుడ్డలు. క్యారేజీలన్నీ ఒకచోట పెట్టేసి సాళ్లల్లోకి దిగితే, మంచులో ఒంగిన వీపులు మాత్రమే కనపడేవి. ఒక్కో వీపు ఒక్కో రంగు. నేను ఆనందంగా ఆ రంగులన్నీ పెట్టేశాను. పసుపు, ఆకుపచ్చ, కాఫీపొడి రంగు, అన్నీ అడ్డంగా పడుకోబెట్టిన చిన్న చిన్న మచ్చలు. అప్పటికి నా బొమ్మ నాకే బాగుందనిపించింది. ఆ ఫ్రాన్సు పల్లె బాట మీద ఇద్దరే ఉన్నారు. నా చేలో ఇంతమంది ఉన్నారు.

ఆరోజు సాలు చివరిదాకా వచ్చిన ఒకావిడ కట్టెక్కి నా వెనక నిలబడింది. బాబాయ్ భార్య. ఊరి వరసకు పిన్ని. కూలీలతో పాటు తనూ కోస్తుంది. నీలం చొక్కా తొడుక్కుంది. చేతులకు మిరపఘాటు తగలకుండా గుడ్డపీలికలు చుట్టుకుంది. బాబాయ్ పక్కనే కూర్చుని ఉన్నాడు.

"ఇదేంది ఈడ?" అంది, ఆ మెత్తటి మచ్చను చూపించి.

"వేపచెట్టు పిన్నీ. బాబాయ్ పెట్టమన్నాడు."

"తీసెయ్."

బాబాయ్ బీడీ నోట్లోంచి తీశాడు. "ఉంటే నీకేం నొప్పే?"

"తీసెయ్ టీచరమ్మా" అంది ఆమె, ఆయన వంక చూడకుండా. "దాన్ని కొట్టించింది నేనే. ఈయనకి చెప్పకుండా కొట్టించా. నీడ పడి నాలుగు సాళ్లు కాపు లేదని అందరికీ చెప్పా. అది అబద్ధం కాదులే. కానీ దానికోసం కాదు."

"మరెందుకు పిన్నీ?"

"ఎందుకేందీ. పెళ్లై వచ్చినకాణ్నుంచి చూస్తన్నా. నేను ఎండలో ఒంగుని కోస్తా ఉండేదాన్ని. ఈయన ఆ చెట్టు కింద మంచమేసుకుని రేడియో ఇంటా, ఆ సాలు మిగిలింది, ఈ సాలు మిగిలింది అని కేకలేసేవాడు. కడుపుతో ఉన్నప్పుడూ అంతే. ఒక్కరోజు, ఒక్కరోజన్నా, కాసేపు ఈడొచ్చి కూకోవే అన్నాడేమో అడుగు."

బాబాయ్ బీడీని కట్ట మట్టిలో నలిపాడు. కింద చేలో ఎవరో పాట లాంటిదేదో కూనిరాగం తీస్తున్నారు. గుడ్డకు టర్పెంటాయిల్ అద్ది, ఆ మచ్చను తుడిచేశాను. ఆయిల్ రంగు తొందరగా ఆరదు కాబట్టి తేలిగ్గానే పోయింది.

బాబాయ్ లేచి తువ్వాలు దులుపుకుని కట్ట మీదుగా వెళ్లిపోయాడు. మంచు అప్పటికి లేచిపోయింది కాబట్టి చాలా దూరం దాకా కనపడుతూనే ఉన్నాడు.

పిన్ని మాత్రం కదల్లేదు. బొమ్మ వంకే చూస్తోంది.

"నన్నెయ్యలేదా?"

"వేశాను పిన్నీ. వీళ్లలో ఉన్నావు. ఇదిగో, ఇది నువ్వనుకో."

ఆమె ఆ మచ్చ దగ్గరికి మొహం పెట్టి చూసింది. "ఒంగున్నానా?"

"కోత కోస్తున్నారు కదా."

"నిలబడ్డట్టు వెయ్."

"నిలబడితే కోత ఎలా పిన్నీ?"

"ఒక్కోసారి నడుం లాగినప్పుడు నిలబడతాం గదా. అప్పుడు ఎయ్."

చెప్పి, కట్ట దిగి, సాలు మధ్యలోకి పోయి నిలబడింది. నడుం మీద చేయి పెట్టుకోలేదు, నా వంక చూడలేదు. కాలవ అవతల చేల వంక చూస్తూ నిలబడింది. చుట్టూ ఆడవాళ్లు ఒంగి కోస్తూనే ఉన్నారు. నేను నీలం కలుపుకుని, అడ్డంగా ఉన్న ఒక మచ్చను తుడిచి, అదే చోట నిలువుగా ఒకే ఒక్క పట్టీ వేశాను. చేయి వణికి పక్కకి కొంచెం చెదిరింది. చెదిరింది చెదిరినట్టే వదిలేశాను. వేలెడంత కూడా లేదు. ఎవరికైనా చూపిస్తే కర్రముక్క అనుకుంటారు. కానీ అది పెట్టాక బొమ్మంతా మారింది. అప్పటిదాకా చేను, మంచు కలిసి మెత్తగా పడుకుని ఉన్నట్టుండేవి. ఇప్పుడు చూపు ముందు ఆ నీలం దగ్గరకే పోతోంది.

బాబాయ్ తర్వాతి రోజు రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. అక్కతో జరిగింది చెప్పాను. "ఆళ్ల కాపరంలోకి నువ్వెందుకు దూరావే? బొమ్మలేసుకోను పోయిందానివి" అని తిట్టింది. తిట్లు న్యాయమే అనిపించింది. వాళ్లిద్దరూ ఒకే చెట్టు గురించి మాట్లాడారు. ఆయనకి అది చల్లటి నీడ. ఆమెకు అది మరొకరి నీడ. చెట్టును నేనసలు చూడనే లేదు. అయినా రెండు పొద్దుల్లో ఒకసారి దాన్ని పెట్టి, ఒకసారి తీసేశాను. రెండుసార్లూ ఎదుటి మనిషి మొహం చూసి చేసిందే. నా కంటితో చూసి చేసింది ఏదీ లేదు.

నరసరావుపేటకు తిరిగి బయలుదేరడానికి సామాన్లు సర్దుకుంటున్న రోజు, చివరిసారిగా కట్ట మీదికి వెళ్లాను. మంచు పలచగా ఉంది. బాబాయ్ వచ్చి ఎప్పటి చోటే కూర్చున్నాడు. నేను స్టాండు మీద కాన్వాసు నిలబెట్టాను. ఆయనే మొదలుపెట్టాడు.

"చెట్టు తీసేశావు. సరేలే. లేనిది తీసేశావు. మరి మొద్దు యాడ?"

"మొద్దా?"

"చెట్టు కొడితే మొద్దుండదా? ఉన్నదే వేస్తానంటివిగా. అదుగో."

షెడ్డుకు ఎడమపక్క, ఇన్ని రోజులూ నా కళ్లముందే, బండి చక్రమంత వేపమొద్దు ఉంది. కోత ఆడవాళ్లు క్యారేజీలన్నీ పెట్టుకునేది దాని మీదే. నేను దాన్ని చూడలేదని చెప్పలేను. క్యారేజీలు చూశాను, మొద్దు చూశాను, వేయలేదు. దాని వెనక కరెంటు స్తంభం ఉంది. అదీ వేయలేదు. సాళ్ల మధ్య డ్రిప్పు పైపులు, మొక్కల మొదట్లో మెరిసే ప్లాస్టిక్ షీటు, దూరంగా సెల్‌టవరు, ఏదీ నా బొమ్మలో లేదు. పాతకాలపు పల్లె ఒకటి నేను తయారుచేసుకున్నాను.

"అది వేస్తే బొమ్మ బాగుండదేమోనని బాబాయ్..."

"బాగుండకపోతే లేనట్టా?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు. నేను మళ్లీ రంగులు విప్పాను. మొద్దుకు ముదురు మట్టిరంగు, దాని మీద క్యారేజీలకు తెల్లటి చుక్కలు, స్తంభానికి ఒక బూడిదరంగు గీత. గీత వంకరపోయింది. బాబాయ్ చివరిదాకా కూర్చుని చూశాడు. పోయేటప్పుడు, నీలం మచ్చ మీద వేలు ఆనీ ఆననట్టు పెట్టి, "ఇది ఆమేనా?" అన్నాడు.

"అవును."

"ఎట్టా నిలబడిందో చూడు" అన్నాడు. అందులో మెచ్చుకోలుందో, నిష్ఠూరముందో నాకు తెలియలేదు.

నరసరావుపేటలో డ్రాయింగ్ అమ్మాయి బొమ్మను గోడకానించి, వెనక్కి వెళ్లి చూసింది. మొద్దు బాగుందంది. తెల్లటి చుక్కలు చాలా బాగున్నాయంది. స్తంభం మాత్రం అనవసరం ఆంటీ, కాలికి తగిలినట్టు కంటికి తగులుతోంది అంది. నేను తీయలేదు. ఆమె ఇంకోసారి చెప్పలేదు.

రంగు పూర్తిగా ఆరేసరికి మార్చి వచ్చింది. దాన్ని అక్క ఇంట్లో పెడదామనుకున్నాను గానీ, ఆ చేను వాళ్లది కాబట్టి వాళ్లకే ఇవ్వడం న్యాయమనిపించింది. మళ్లీ చీరలో చుట్టి బస్సెక్కాను. అప్పటికి ఎండలు ముదిరాయి. చివరి కోత నడుస్తోంది, కల్లాల్లో కాయ ఆరబోసి ఉంది, ఊరంతా తుమ్ములు. పిన్ని బొమ్మను అందుకుని, ఇంట్లోకి కాకుండా తిన్నగా చేలోకి పట్టుకుపోయింది. మోటారు షెడ్డు లోపలి గోడకు, స్టార్టరు పక్కన, మేకు కొట్టి తగిలించింది. బాబాయ్ ఇంట్లో పెట్టమన్నాడట. "ఇంట్లో నేనుండేది ఎంతసేపు?" అందట.

మధ్యాహ్నం అన్నాలప్పుడు కోత ఆడవాళ్లందరూ షెడ్డులోకి చేరారు. బొమ్మ చుట్టూ మూగి, దగ్గరికి పోయి ఏమీ లేదని నవ్వారు. నేను వాళ్లను గుమ్మం దాకా వెనక్కి నడిపించాను. అప్పుడు గోల మొదలైంది. పసుపు తనదని ఒకామె, కాదు నీ చొక్కా అప్పటికి చిరిగిపోయిందని ఇంకొకామె. నీలం ఎవరో ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసినట్టుంది. పిన్ని వాళ్ల వెనక నిలబడి మజ్జిగన్నం కలుపుకుంటోంది.

వాళ్లలో చిన్నదానిలా కనపడ్డ ఒకమ్మాయి, చేతికి చుట్టుకున్న పీలికలు విప్పుకుంటూ, చాలాసేపు చూసి నా వైపు తిరిగింది.

"పిన్నిని నిలబెట్టావు గదా టీచరమ్మా. మమ్మల్నందర్నీ ఒంగున్నట్టే వేశావేంది?"

అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. నేను కోత కోస్తున్నారు కదా అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాను. ఆ మాట పిన్నితో ఒకసారి అనేశాను, అది నిలబడలేదని నాకు తెలుసు. అక్కడ గుమ్మం దగ్గర నిలబడ్డప్పుడు, వాళ్లలో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదని తట్టింది. జనవరి అంతా వాళ్ల చొక్కాల రంగులు చూశాను. రంగులన్నీ గుర్తున్నాయి.

"కూచో టీచరమ్మా, ముందు అన్నం తిను" అని పిన్ని పక్కకు జరిగింది. వాళ్ల మధ్య కూర్చుని, ఒకరి క్యారేజీలోంచి పప్పు, ఒకరి దాంట్లోంచి గోంగూర పెట్టించుకుని తిన్నాను. తింటూ ఒక్కొక్కరి పేరూ అడిగాను. ఆ అమ్మాయి తనది చివర్న చెప్పింది.

ఈ శీతాకాలం మళ్లీ వచ్చాను. పొద్దున పూట కట్ట ఎక్కడం మానేశాను. కోత మొదలయ్యాక, మధ్యాహ్నం అన్నాల వేళకు చేలోకి పోతున్నాను. అప్పటికి మంచు ఉండదు. ఎండ నిటారుగా పడి అన్నీ ఉన్నవి ఉన్నట్టు కనపడతాయి. మనిషిని మచ్చ కింద దాటేయడానికి కుదరదు. ముఖాలు వేయడం నాకు రాదు. డ్రాయింగ్ అమ్మాయి ముందు బుగ్గ మీది వెలుగు చూడమంది, తర్వాత కళ్లకింది నీడ చూడమంది. చూస్తున్నాను. కాన్వాసు మీద ఇప్పటికి ఒక్క ముఖం సగం వచ్చింది. ఎందుకు ఒంగున్నట్టే వేశావని అడిగిన ఆ కోత అమ్మాయి రోజూ చెయ్యి కడుక్కుని వచ్చి చూసి, "ఇంకా నేను కాలేదు" అని చెప్పి సాళ్లల్లోకి వెళ్లిపోతోంది.